స్టిక్కర్ మీద 4 ఓమ్స్, మీటర్‌లో 3.7: కార్ ఆడియో ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నాది పాత స్విఫ్ట్. తెలిసినవాళ్ల దగ్గర 12 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ మోగించే పెద్ద స్పీకర్) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక మ్యాగ్నెట్ మీద 4 ఓమ్స్ అని స్టిక్కర్ ఉంది. ఇంటికి తెచ్చి మల్టీమీటర్ పెడితే 3.7 చూపించింది. మా ఊళ్లో స్టీరియోలు బిగించే ఆయనకు చెబితే, "కాయిల్ కొంత కాలింది, అందుకే ఓమ్స్ తగ్గాయి, దీన్ని తగిలిస్తే యాంప్ పోతుంది" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. తిరిగి ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇవ్వకండి. మీరు రాసిన అంకెను బట్టి చూస్తే కాయిల్ (స్పీకర్ లోపలి రాగి తీగ చుట్ట) బాగానే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. పనిచేసే వూఫర్‌ని ఈ ఒక్క అనుమానంతో రీకోన్‌కి, అంటే ముందున్న గరాటు లాంటి కోన్‌నీ కాయిల్‌నీ మార్చే రిపేరుకి, ఇచ్చేవాళ్లను, పాత ఇనుముకు వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మల్టీమీటర్ తన బ్యాటరీలోంచి కాస్త డీసీ కరెంటును కాయిల్‌లోకి పంపి, ఆ రాగి తీగ రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఎన్ని ఓమ్స్ ఉందో చెబుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. పాట డీసీ కాదు, అటూ ఇటూ మారుతూ ఉండే ఏసీ. ఏసీ వెళ్లేటప్పుడు తీగ రెసిస్టెన్స్‌తో పాటు కాయిల్ ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) కూడా అడ్డుపడుతుంది. పైగా కాయిల్ మ్యాగ్నెట్ మధ్య కదులుతూ తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. ఇవన్నీ కలిసిందే ఇంపీడెన్స్. అది ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. చొక్కా కాలర్ మీద 40 అని ఉన్నంత మాత్రాన ఆ గుడ్డ ఎక్కడ కొలిచినా 40 అంగుళాలు రాదు కదా, స్టిక్కర్ మీది 4 కూడా అలాంటి సైజు గుర్తే. ఐఈసీ 60268-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, స్పీకర్‌కు చెప్పిన ఫ్రీక్వెన్సీ పరిధిలో దాని ఇంపీడెన్స్ రాసిన విలువలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే 4 ఓమ్స్ అని రాసిన స్పీకర్ ఎక్కడో ఒకచోట 3.2 దాకా దిగినా కంపెనీ తప్పు చేసినట్టు కాదు. యాంప్ తయారుచేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. "4 ఓమ్స్‌కి పనిచేస్తుంది" అని యాంప్ మీద రాసేటప్పుడు ఇలాంటి స్పీకర్లనే దృష్టిలో పెట్టుకుంటారు.

4 ఓమ్స్ సబ్‌వూఫర్‌కి మల్టీమీటర్‌లో మామూలుగా 3.2 నుంచి 3.7 మధ్య వస్తుంది. 2 ఓమ్స్ దానికి 1.6 నుంచి 1.9, 8 ఓమ్స్ దానికి ఐదున్నర నుంచి ఏడు. మీ మోడల్ స్పెసిఫికేషన్ షీట్ దొరికితే అందులో 'ఆర్ఈ' (Re) అనే గడి చూడండి. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరి పేర్లతో పిలిచే థీల్-స్మాల్ పారామీటర్లలో (స్పీకర్ స్వభావాన్ని చెప్పే అంకెల్లో) అదొకటి. మీ మీటర్ కొలిచేది సరిగ్గా దాన్నే. కాబట్టి మీటర్ అంకెను స్టిక్కర్‌తో కాదు, ఆర్ఈతో పోల్చాలి.

మీరు ఎలా కొలిచారో రాయలేదు. మళ్లీ ఒకసారి ఇలా చూడండి. యాంప్ తీగలు సబ్ నుంచి పూర్తిగా విప్పేయండి. తీగలు ఉండగా కొలిస్తే యాంప్ లోపలి భాగాలు కూడా లెక్కలోకి వచ్చి తప్పు అంకె వస్తుంది. మీటర్‌ను 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి ముందు రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి గట్టిగా తాకించండి. సున్నా రాదు, 0.3 లాంటిదేదో వస్తుంది. అది ప్రోబ్ తీగల రెసిస్టెన్స్. తర్వాత సబ్ టెర్మినల్స్ మీద పెట్టి, వచ్చినదాంట్లోంచి దీన్ని తీసేయండి. మీ 3.7లోంచి 0.3 పోతే మిగిలేది 3.4. ఆరోగ్యంగా ఉన్న 4 ఓమ్స్ కాయిల్‌కి నేను కోరుకునే అంకె అదే. టెర్మినల్ తుప్పు పట్టి ఉంటే గీరి పెట్టండి. మీటర్ బ్యాటరీ నీరసపడినా అంకెలు తప్పు వస్తాయి, దాన్ని కూడా చూసుకోండి.

ఎండ విషయం కూడా చెప్పాలి. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ 55 డిగ్రీలకు చేరిందనుకుందాం. పొద్దున 25 డిగ్రీల దగ్గర 3.4 చూపించిన కాయిలే అప్పుడు 3.8 చూపిస్తుంది. గట్టిగా వాయించాక లోపలి కాయిల్ 125 డిగ్రీలకు చేరితే 4.7 దాకా పోతుంది. ఎంత వాల్యూమ్ పెంచినా కాసేపయ్యాక బాస్ తగ్గినట్టు అనిపించడానికి ఇదొక కారణం. రెసిస్టెన్స్ పెరిగితే యాంప్ నుంచి సబ్ తీసుకునే పవర్ తగ్గుతుంది. కాబట్టి పాటలు ఆపిన వెంటనే కాకుండా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలవండి.

నిజంగా కాలిన కాయిల్ ఇలా ఉండదు. తీగ తెగితే మీటర్‌లో ఓఎల్ (OL, కొలత రేంజ్ దాటిందని గుర్తు) అనో, ఎడమ పక్కన ఒంటరిగా 1 అనో వస్తుంది. వార్నిష్ కాలి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే 4 ఓమ్స్ దానికి 2, 1.5 లాంటి అంకెలు వస్తాయి. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన తెలుస్తుంది. రెండు అరచేతులూ కోన్‌కి చెరో పక్కన ఆనించి, సమానంగా నొక్కి వదలండి. గరగరమని రాసుకుంటే కాయిల్ ఫార్మర్ (కాయిల్ చుట్టిన గొట్టం) వంకరపోయినట్టే. మాఘమాసం పెళ్లిళ్లు అయ్యాక నా బల్ల మీదికి వచ్చే డీజే వూఫర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. చిన్న యాంప్‌ని చివరిదాకా తిప్పి, శబ్దం చీలిపోతున్నా అలాగే గంటలకొద్దీ వాయించడమే చాలావాటికి కారణం. మీ దానిలో ఈ లక్షణాలేవీ లేకపోతే నిశ్చింతగా బిగించుకోండి.

ప్రశ్న: నా దగ్గర రెండు సబ్‌వూఫర్లు ఉన్నాయి, రెండూ డ్యూయల్ వాయిస్ కాయిల్ (ఒక్కోదాంట్లో రెండు కాయిళ్లు), 4 ప్లస్ 4 ఓమ్స్. మోనో (ఒకే ఛానెల్) యాంప్ 2 ఓమ్స్ దాకా పనిచేస్తుందని బుక్‌లో ఉంది. అన్నీ ప్యారలల్‌లో కలిపి మీటర్ పెడితే 1.3 వచ్చింది. 2 రావాలంటే ఎలా కలపాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ తీగలు విప్పేయండి, యాంప్ ఆన్ చేయకండి. నాలుగు కాయిళ్లు ప్యారలల్‌లో (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) ఉంటే స్టిక్కర్ లెక్కన 1 ఓమ్, అది మీ యాంప్ తట్టుకునే 2 కన్నా తక్కువ. మీ 1.3లో ప్రోబ్ తీగలే 0.3, 0.4 తినేసి ఉంటాయి. ఇంత చిన్న విలువలను మామూలు మీటర్‌తో నేరుగా కొలిచి నమ్మకూడదు. చివరి అంకె అటూ ఇటూ అయితేనే లెక్క మారిపోతుంది. ఒక్కో కాయిల్‌ను విడిగా కొలిచి, నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోండి. మిగతాది కాగితం మీద లెక్క వేసుకోవాలి.

ఇక అసలు సంగతి, రెండు 4 ప్లస్ 4 సబ్‌లను కాయిళ్లన్నీ వాడుతూ ఎలా కలిపినా 2 రాదు. అన్నీ ప్యారలల్ అయితే 1. ఒక్కో సబ్‌లో రెండు కాయిళ్లను సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) పెట్టి 8 చేసి, ఆ రెండు సబ్‌లను ప్యారలల్ చేస్తే 4. అన్నీ సిరీస్ అయితే 16. అన్ని కాయిళ్లకూ పవర్ సమానంగా వెళ్లేలా కలిపితే వచ్చే అంకెలు ఈ మూడే. ఒక్కో సబ్‌లో ఒక్క కాయిలే వాడితే 2 వస్తుందని ఎవరైనా చెప్పవచ్చు. అంకె వస్తుంది గానీ, సబ్ తట్టుకునే పవర్ సగమవుతుంది, బాస్ స్వభావం కూడా మారిపోతుంది. నేనైతే చేయను. మీకు నా సలహా 4 ఓమ్స్ పద్ధతి. యాంప్ పూర్తి పవర్ ఇవ్వదు, కానీ చల్లగా పనిచేస్తుంది. రెండు సబ్‌లు కలిసి గాలిని కదిలించే విస్తీర్ణం ఎలాగూ రెట్టింపు ఉంటుంది కాబట్టి కారులో లోటు తెలియదు. ఒక్క సబ్ చాలనుకుంటే దాని రెండు కాయిళ్లు ప్యారలల్ చేయండి, సరిగ్గా 2 వస్తుంది.

తీగలు బిగించాక, యాంప్‌కి తగిలించే ముందు ఆ చివర్ల దగ్గర మరోసారి మీటర్ పెట్టండి. 4 పద్ధతికి 3.4 నుంచి 3.7 లాంటిది రావాలి. 1 దగ్గర వస్తే ఎక్కడో ప్యారలల్ పడింది. 14, 15 వస్తే అన్నీ సిరీస్ అయ్యాయి. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎవరి యాంప్‌కీ నేను తీగ తగిలించను.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. మల్టీమీటర్‌తో డీసీ రెసిస్టెన్స్ మాత్రమే వస్తుందని అర్థమైంది. నిజమైన ఇంపీడెన్స్ కొలిచే దారి ఇంట్లో ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉంది, మీలాంటివాళ్లు తప్పకుండా చేసి చూడాలి. 10 ఓమ్స్, 10 వాట్స్ సిమెంట్ రెసిస్టర్ ఒకటి కొనండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊళ్లో టీవీ రిపేరు సామాన్ల కొట్లో గానీ దొరుకుతుంది. దాన్ని సబ్‌తో సిరీస్‌లో పెట్టి యాంప్‌కి కలపండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 50 హెర్ట్జ్ సైన్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో వాయించండి. మీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, రెసిస్టర్ రెండు కొసల మధ్య ఎంతో, సబ్ రెండు టెర్మినల్స్ మధ్య ఎంతో కొలవండి. రెండింటిలోనూ పోయే కరెంటు ఒక్కటే కాబట్టి, సబ్ వోల్టేజీని రెసిస్టర్ వోల్టేజీతో భాగించి 10తో గుణిస్తే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపీడెన్స్ వస్తుంది. రెసిస్టర్ మీద 2 వోల్ట్స్, సబ్ మీద 1.6 ఉంటే 8 ఓమ్స్. మనం చూసేది నిష్పత్తినే కనుక యాంప్‌లో క్రాసోవర్ (కొన్ని ఫ్రీక్వెన్సీలనే పంపే అమరిక) ఎక్కడున్నా ఫలితం మారదు.

20 హెర్ట్జ్ నుంచి 200 దాకా ఐదేసి పెంచుతూ కొలిచి గ్రాఫ్ కాగితం మీద గీయండి. ఒకచోట గీత కొండలా లేస్తుంది. రెసిస్టర్ మీద 0.6, సబ్ మీద 2.7 వోల్ట్స్ వచ్చాయంటే అక్కడ 45 ఓమ్స్! అదే రెసొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే కోన్ సహజంగా, తేలిగ్గా ఊగే చోటు. ఆ కొండ దాటాక గీత కిందికి దిగి ఆర్ఈకి కొంచెం పైన ఆగుతుంది, తర్వాత ఇండక్టెన్స్ వల్ల మెల్లగా మళ్లీ పెరుగుతుంది. సబ్‌ని మూసిన బాక్స్‌లో పెడితే కొండ పై ఫ్రీక్వెన్సీ వైపు జరుగుతుంది. పోర్ట్ (గాలి పోయే గొట్టం) ఉన్న బాక్స్‌లో రెండు కొండలు వస్తాయి, వాటి మధ్య లోయ ఉన్నచోటే పోర్ట్ ట్యూనింగ్, అంటే ఆ గొట్టం బాగా మోగే ఫ్రీక్వెన్సీ. బాక్స్ చేసిన వడ్రంగి 35 హెర్ట్జ్ అని చెబితే అది నిజమో కాదో ఈ గ్రాఫ్‌లోనే తెలిసిపోతుంది. స్పీకర్ల గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొలత ఇదే.

మీటర్ విషయంలో మాత్రం జాగ్రత్త. చౌకగా దొరికే పసుపు రంగు డీటీ-830 రకం మీటర్లలో ఏసీకి 200, 750 వోల్ట్స్ రేంజ్‌లే ఉంటాయి. ఒకటి రెండు వోల్ట్‌లను అవి సరిగ్గా చూపలేవు. 2 గానీ 20 గానీ ఏసీ రేంజ్ ఉన్నది, లేదా ఆటో రేంజ్ మీటర్ కాలేజీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకోండి. యాంప్ స్పీకర్ తీగల్లో మైనస్‌ని కారు బాడీకి తగలనివ్వకండి, చాలా యాంప్‌లలో అది గ్రౌండ్ కాదు.

ప్రశ్న: ఓమ్స్ కొలుస్తుంటే అంకె నిలకడగా ఉండటం లేదు, కోన్‌ను ముట్టుకుంటే ఎగిరెగిరి పడుతోంది. కాయిల్ లూజా సార్?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: కోన్ కదిలితే కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది, మీటర్ తికమక పడుతుంది. అది సహజమే. చేయి తీసేసి, ఫ్యాన్, పాటలు ఆపి, కొన్ని సెకండ్లు ఆగి చూడండి, నిలబడుతుంది. అయితే కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కి కదలకుండా పట్టుకున్నప్పుడు ఓఎల్ వచ్చి, వదలగానే మామూలు అంకె వస్తే మాత్రం టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్లే అల్లిక తీగ లోపల తెగింది. కాయిల్ బాగానే ఉంటుంది. ఆ తీగ ఒక్కటి మార్పించండి, మొత్తం రీకోన్ అక్కర్లేదు.

ప్రశ్న: మీటర్‌ను బజర్‌లో పెట్టి సబ్‌కి తగిలిస్తే బీప్ మోగుతోంది. షార్ట్ అయినట్టేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: కాదమ్మా. చాలా మీటర్లలో కొన్ని పదుల ఓమ్స్ లోపు ఏది తగిలినా బజర్ మోగుతుంది. మంచి సబ్ అయినా, షార్ట్ అయినది అయినా ఒకేలా మోగుతుంది. తీగ తెగలేదని మాత్రమే బజర్ చెప్పగలదు. మీటర్‌ను 200 ఓమ్స్ రేంజ్‌లోకి తిప్పి, పైన తెనాలి పాఠకుడికి చెప్పినట్టు ప్రోబ్‌ల విలువ తీసేసి చూడండి. ఆ అంకె, సబ్ మోడల్ నంబరు రాసి పంపితే వచ్చే నెల జవాబిస్తాను.