అడిగే ముందే హద్దు చెప్పాలి

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ ప్రాజెక్టు చేస్తున్నాను. 15–17 ఏళ్ల ఆడపిల్లలు కౌమార ఆరోగ్య క్లినిక్కులకు ఎందుకు రావడం లేదో అడగాలనుకుంటున్నాను. పిల్లలు ఒప్పుకుంటే చాలా? చెప్పింది ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొచ్చా?

జవాబు: ముందు రెండో సంగతి. ఆ మాట ఇవ్వకండి. 18 ఏళ్లు నిండనివారితో లైంగిక సంబంధం, ఇష్టపడే జరిగినా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమే. అలాంటి సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పరిశోధన అన్నంత మాత్రాన మినహాయింపు రాదు. గుట్టుగా ఉంచుతానని నమ్మించి, పిల్ల నోరు విప్పాక స్టేషన్‌కు వెళ్తే అంతకన్నా ద్రోహం లేదు. ఏ విషయం బయటికి చెప్పాల్సి వస్తుందో మొదటి ప్రశ్నకు ముందే తేట తెలుగులో చెప్పండి.

అసలు మీకు కావలసింది క్లినిక్ సంగతి, ఆ పిల్ల సొంత సంగతి కాదు. "నీ ఈడు అమ్మాయికి నెలసరి తప్పితే అక్కడికి వెళ్లడానికి ఏం అడ్డొస్తుంది?" అని అడిగి చూడండి. ఓపీ వరుస పక్కనే కౌన్సెలర్ బల్ల, తలుపు బదులు ఒక కర్టెన్, చీటీ రాసే ఆవిడ అమ్మకు తెలిసిన మనిషి... మీ ప్రాజెక్టుకు పనికొచ్చే జవాబులు ఇవే.

ఇక సంతకాలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి, దానికి తోడు ఈ వయసు పిల్లల రాతపూర్వక అంగీకారం, రెండూ కావాలి. అమ్మ సంతకం పెట్టినా పిల్ల వద్దంటే వద్దన్నట్టే. ఇంట్లో అడగడమే పిల్లకు ప్రమాదం అనిపిస్తే ఆ సంగతి పరిశోధనల మంచిచెడులు చూసే ఎథిక్స్ కమిటీ ముందు పెట్టండి, మీరే తేల్చుకోకండి. ప్రశ్నలను తల్లిదండ్రులకు చూపించవచ్చు, జవాబులను మాత్రం చూపించకూడదు.

టీచరు చేత పిలిపించకండి. క్లాసులో "సంతకం పెట్టమ్మా" అంటే కాదనగల పిల్ల ఉండదు. కాగితం ఇచ్చాక ఒక రోజైనా గడువివ్వండి.

పేర్ల జాబితాను జవాబుల నుంచి విడదీసి, వేరే బీరువాలో తాళం వేసి ఉంచండి. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. "17 ఏళ్లు, ఇంటర్ మానేసింది, అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది" అని రాస్తే చిన్న ఊళ్లో ఆ పిల్ల ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. రిపోర్టు ఇచ్చేముందు ఇలాంటి వాక్యాలను వెతికి తీసేయండి.