అద్దె ఇంటి మరమ్మతు ఖర్చును పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నెలకు రూ.20,000 అద్దె వచ్చే ఇల్లు ఉంది. పాత అద్దెదారు ఖాళీ చేశాక రెండు నెలలు పనులు చేయించాను. స్లాబు లీకేజీ, పగిలిన టైల్స్, రంగులకు రూ.1.5 లక్షలు, కొత్తగా కట్టించిన స్నానాలగదికి రూ.2 లక్షలు అయ్యాయి. ఇందులో రూ.3 లక్షలు బ్యాంకు అప్పు. ఈ ఏడాది వడ్డీ రూ.27,000 కట్టాను. ఖర్చంతా అద్దెలోంచి తీసేయవచ్చా?

జవాబు: తీసేయడానికి వీల్లేదండి. అద్దె ఇంటి మరమ్మతుల బిల్లులను ఆదాయపు పన్ను చట్టం విడిగా లెక్కలోకి తీసుకోదు. వాటికి బదులుగా నికర వార్షిక విలువలో, అంటే ఏడాది అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను పోగా మిగిలేదానిలో, 30 శాతం తగ్గిస్తుంది. ఏడాదంతా ఒక్క మేకు కొట్టించకపోయినా ఆ 30 శాతం మీదే. మీలా లక్షలు పోసిన ఏడాదిలోనూ అంతే. ఈ సంవత్సరం మీకిది అన్యాయంగా తోచవచ్చు గానీ, ఏ ఖర్చూ లేని సంవత్సరాల్లోనూ మీకు ఇదే తగ్గింపు వచ్చింది కదా.

మీ లెక్క చూద్దాం. ఇల్లు ఖాళీగా ఉన్న రెండు నెలల అద్దె కలపనక్కరలేదు. పది నెలలకు వచ్చింది రూ.2,00,000. ఆ ఏడాది మీరే చెల్లించిన ఆస్తి పన్ను రూ.8,000 అనుకుంటే మిగిలేది రూ.1,92,000. అందులో 30 శాతం, అంటే రూ.57,600 పోతే రూ.1,34,400.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ బ్యాంకు అప్పు. మరమ్మతుకు తెచ్చిన అప్పు మీద వడ్డీని అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త పన్ను విధానంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. కాకపోతే అందులో ఇంటి మీద నష్టం వస్తే దాన్ని జీతం వంటి ఇతర ఆదాయాలతో సర్దుకోనివ్వరు. మీకు నష్టం లేదు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. రూ.27,000 తీసేస్తే పన్ను పడే అద్దె ఆదాయం రూ.1,07,400. అప్పులో అసలు తీర్చే వాయిదాలకు మాత్రం ఈ తగ్గింపు లేదు. అప్పు డబ్బు ఈ పనికే వెళ్లిందని మీ ఖాతా స్టేట్‌మెంటులో కనబడాలి.

స్నానాలగది సంగతి వేరు. లీకేజీ, రంగులు ఇంటిని ఉన్న స్థితిలో నిలబెట్టే పనులు. స్నానాలగది ఇంటికి కొత్తగా చేరింది. కాబట్టి ఇల్లు అమ్మిన రోజున ఆ రూ.2 లక్షలను మెరుగుదల ఖర్చుగా చూపి మూలధన లాభం, అంటే అమ్మకంలో వచ్చే లాభం, తగ్గించుకోవచ్చు. అద్దెలోంచి తగ్గించుకున్న వడ్డీని మాత్రం మళ్లీ ఆ మెరుగుదల ఖర్చులో కలపకూడదు.

చాలామంది దగ్గర ఉండేది నోటుబుక్కు చించిన కాగితం మీద 'మొత్తం పని రూ.3.5 లక్షలు' అని మేస్త్రీ రాసిన చీటీ ఒక్కటే. పదేళ్ల తర్వాత అందులో స్నానాలగది ఎంతో ఎవరు చెప్పగలరు? మేస్త్రీ ఫోనులో దొరుకుతున్నప్పుడే ఆ పనికి విడిగా బిల్లు రాయించి, సంతకం చేయించుకోండి. సామాను కొన్న రసీదుల మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి, ఈ వారమే ఫోటోలు తీసి దాచండి.