పాత గేమ్ సీడీ, కొత్త కంప్యూటర్: కాపీ రక్షణను తప్పించడం నేరమా?

ప్రశ్న: 2001లో విడుదలైన ఒక కంప్యూటర్ గేమ్ ఒరిజినల్ సీడీ, దాని పెట్టె, సీరియల్ నంబరు ఉన్న కార్డు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్ లేకపోవడంతో, బయటి డ్రైవ్ తగిలించి సీడీ మొత్తాన్ని ఇమేజ్ ఫైలుగా (సీడీలో ఉన్నదంతా ఒకే ఫైలులోకి తీసిన నకలుగా) మార్చుకున్నాను. గేమ్ ఇన్‌స్టాల్ అయింది గానీ, అసలు సీడీని పెట్టినా కూడా ‘సీడీ పెట్టండి’ అంటూ అక్కడే ఆగిపోతోంది. సీడీ అడగకుండా మార్చిన ఫైలు ఇంటర్నెట్‌లో దొరుకుతోంది. ‘అబాండన్‌వేర్’ (తయారీదారులు వదిలేసిన సాఫ్ట్‌వేర్) పేరుతో గేమ్ మొత్తాన్నే ఉచితంగా ఇచ్చే సైట్లూ ఉన్నాయి. తయారుచేసిన కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. వీటిని వాడుకుంటే నేరమవుతుందా? నాకు పని జరిగితే, ఇదే గేమ్ ఉన్న మిత్రులకు కూడా చేసిపెట్టవచ్చా?

జవాబు: మీరు అడిగింది ఒకే ప్రశ్నలా కనిపించినా, చట్టం దృష్టిలో అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. మీ సీడీ నుంచి మీరే ఇమేజ్ తీసుకోవడానికి అభ్యంతరం లేదు. సీడీ తనిఖీని తప్పించడాన్ని సమర్థించుకోవడానికి గట్టి ఆధారమే ఉంది. చిక్కంతా ఎవరో మార్చిన ఫైలును, లేదా గేమ్ మొత్తాన్ని, దింపుకోవడంతోనూ, మిత్రులకు మీరు చేసిపెట్టే తీరుతోనూ వస్తుంది.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. గేమ్ పాతబడినంత మాత్రాన, కంపెనీ మూతపడినంత మాత్రాన కాపీరైట్ పోదు. కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. సాహిత్య కృతికి రచయిత జీవితకాలమంతా, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. కంపెనీ మూతపడితే దాని కాపీరైట్ కూడా మిగతా ఆస్తుల మాదిరిగానే కొనుక్కున్నవారికో, అప్పులవారికో చేరుతుంది. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందో మీకూ నాకూ తెలియకపోవడం వేరు, హక్కే లేకపోవడం వేరు. హక్కుదారు తన హక్కును వదులుకోదలిస్తే అందుకు సెక్షన్ 21 ఒక పద్ధతిని నిర్దేశించింది: కాపీరైట్ రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి, లేదా బహిరంగ ప్రకటన చేయాలి. అమ్మకాలు ఆపేయడం ఆ పద్ధతి కిందికి రాదు. కాబట్టి ‘అబాండన్‌వేర్’ అన్నది ఆ సైట్లు తమకు తాము ఇచ్చుకున్న అనుమతి మాత్రమే. కంపెనీలే స్వయంగా ఉచితం చేసిన గేమ్‌లు లేకపోలేదు గానీ, అప్పుడు కూడా ఇచ్చిందేమిటో చూసుకోవాలి. ఉదాహరణకు, ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997లో ‘డూమ్’ గేమ్ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల ఆదేశాలను) విడుదల చేసింది. అందులోని బొమ్మలు, శబ్దాలు, దశలు ఉన్న డేటా ఫైళ్లను మాత్రం విడుదల చేయలేదు.

ఇక మీ ఇమేజ్ ఫైలు సంగతి. సెక్షన్ 52(1)(ఎఎ) ప్రకారం, ప్రోగ్రాము ప్రతిని చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి, దానిని ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో ఆ ప్రయోజనానికి వాడుకోవడానికి, ఆ ప్రతి నుంచి నకలు తీసుకున్నా, దానిలో మార్పులు చేసుకున్నా ఉల్లంఘన కాదు. పాడవుతుందన్న భయంతో తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకున్నా కాదు. 1999 సవరణతో చేరిన (ఎడి) క్లాజు, తాను చట్టబద్ధంగా పొందిన ప్రతి నుంచి వ్యాపారేతర, వ్యక్తిగత వినియోగం కోసం నకలు గానీ, మార్పులతో కూడిన రూపాంతరం గానీ చేసుకోవడాన్ని అనుమతిస్తుంది. గేమ్ ఆడుకోవడానికే ఇచ్చారు, మీరు ఆడుకోవడానికే తీసుకున్నారు. ఇదే గేమ్‌ను ఎవరైనా కొత్త కంప్యూటర్లకు సరిచేసి మళ్లీ అమ్ముతున్నా మీ పాత ప్రతిపై మీకున్న ఈ హక్కు తగ్గదు, ఎందుకంటే బజారులో దొరకకూడదన్న షరతు ఈ క్లాజుల్లో లేదు. అయితే రేపు ఆ సీడీని ఎవరికైనా అమ్మేస్తే, ఇమేజ్‌ను ఉంచుకోవడానికి మీకు ఆధారం మిగలదు.

గేమ్ ఎందుకు ఆగిపోతోందో కూడా చూడాలి, ఎందుకంటే చట్టం అడిగే ‘ఉద్దేశం’ అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. ఆ కాలపు గేమ్‌లలో చాలావాటికి సేఫ్‌డిస్క్ వంటి కాపీ రక్షణ ఉండేది. అది విండోస్‌లోని ‘సెక్‌డిఆర్‌వి.సిస్’ అనే డ్రైవరుపై (ఒక సహాయక ప్రోగ్రాముపై) ఆధారపడి, డ్రైవ్‌లో ఉన్నది అసలు సీడీయేనా అని పరీక్షించేది. ఆ డ్రైవరులో భద్రతా లోపాలున్న కారణంగా, 2015లో వచ్చిన విండోస్ 10లో దానికి మద్దతు తీసివేశారు. అదే ఏడాది పాత విండోస్‌లలో కూడా ఒక అప్‌డేట్ ద్వారా దానిని ఆపివేశారు. మీ గేమ్‌కు ఉన్నది అలాంటి రక్షణే అయితే, అసలు సీడీ పెట్టినా గేమ్ గుర్తించకపోవడంలో ఆశ్చర్యం లేదు. దొంగను ఆపాల్సిన తాళం ఇప్పుడు ఇంటి యజమానినే బయట నిలబెడుతోంది.

2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65-ఎ ఈ తాళం గురించే మాట్లాడుతుంది. కాపీరైట్ హక్కులను కాపాడడానికి అమర్చిన సమర్థమైన సాంకేతిక రక్షణను, ఆ హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో తప్పించిన వ్యక్తికి రెండేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు, జరిమానా కూడా ఉంటుంది. ఇక్కడ ‘ఉల్లంఘించాలనే ఉద్దేశంతో’ అన్న షరతు కీలకం. సెక్షన్ 52 ఉల్లంఘన కాదని చెప్పిన పనిని చేయడానికే తనిఖీని తప్పించినప్పుడు ఆ ఉద్దేశం ఉందనడం కష్టం. పైగా ఈ చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసిన పనికి ఈ సెక్షన్ అడ్డురాదని 65-ఎ(2)లోనే ఉంది. నా అభిప్రాయంలో మన శాసనకర్తలు ఇక్కడ వివేకంతో వ్యవహరించారు. అమెరికా చట్టంలో రక్షణను తప్పించడమే దాదాపుగా స్వతంత్ర నేరం కాగా, మూడేళ్లకొకసారి సమీక్షించి ఇచ్చే మినహాయింపుల కోసం అక్కడివారు ఎదురుచూడాల్సి వస్తుంది. అందువల్ల అక్కడ స్థిరపడిన మీ బంధువులకు ఈ జవాబు చూపించి ధైర్యం చెప్పకండి.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే ఫైలు. ఇవి రెండు రకాలుగా ఉంటాయి, వాటి మధ్య తేడాను చాలామంది పట్టించుకోరు. మొదటిది చిన్న ప్యాచ్: అందులో గేమ్ కోడ్ ఉండదు, మీ హార్డ్‌డిస్కులో ఇన్‌స్టాల్ అయిన ఈఎక్స్‌ఈ ఫైలును (గేమ్‌ను నడిపే ప్రధాన ఫైలును) తెరిచి, ‘సీడీ లేకపోతే ఆగు’ అనే ఆదేశం ఉన్నచోట ‘ముందుకు సాగు’ అనే ఆదేశాన్ని రాసే కొన్ని బైట్ల మార్పు మాత్రమే అది చేస్తుంది. రెండోది, అప్పటికే మార్చిన పూర్తి ఈఎక్స్‌ఈ ఫైలు: అది ఇంకెవరి సీడీ నుంచో తీసిన ప్రతి. సెక్షన్ 52లోని రెండు క్లాజులూ మీ వద్ద ఉన్న ప్రతి నుంచి చేసినవాటినే కాపాడతాయి గనుక, మొదటి రకానికి ఆ రక్షణ వర్తిస్తుందని వాదించవచ్చు గానీ రెండో రకానికి వాదించడం కష్టం. గేమ్ మొత్తాన్ని దింపుకోవడం మరీ కష్టం. ఇంట్లో సీడీ ఉండడం మీ మంచి ఉద్దేశానికి సాక్ష్యం కావచ్చు గానీ, అది ఆ దింపుకున్న ప్రతిని చట్టబద్ధం చేయదు. ఉల్లంఘించిన ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే, సెక్షన్ 63-బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసం గాని వ్యాపారంలో గాని వాడలేదని తేలితే, తగిన ప్రత్యేక కారణాలను నమోదు చేసి, జైలు లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. అలాంటి ఫైళ్లతో పాటు వైరస్‌లూ వస్తాయన్నది చట్టానికి సంబంధించిన మాట కాకపోయినా చెప్పక తప్పదు.

పెట్టెలోని లైసెన్సు పత్రంలో ‘ఏ మార్పూ చేయరాదు’ అని ఉండవచ్చు. దానిని అతిక్రమించారన్నది ఒప్పందానికి సంబంధించిన సివిల్ వివాదం. సెక్షన్ 52 ఉల్లంఘన కాదన్న పనిని ఆ పత్రం నేరంగా మార్చలేదు.

ఇంకా పాత, డోస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) కాలపు గేమ్‌లైతే ఈ చర్చ చాలావరకు అక్కర్లేదు. 64-బిట్ విండోస్‌లో 16-బిట్ ప్రోగ్రాములు నడవవు కాబట్టి డోస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాము) వాడతారు. అది స్వేచ్ఛా లైసెన్సుతో స్వతంత్రంగా రాసిన ప్రోగ్రాము, దాన్ని వాడడంలో దోషం లేదు. కన్సోల్ ఎమ్యులేటర్ల విషయంలోనూ, ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్ సంస్థపై సోనీ వేసిన కేసులో, ఆ తయారీ క్రమంలో ప్లేస్టేషన్ బయోస్‌ను (యంత్రాన్ని ప్రారంభించే మూల ప్రోగ్రామును) నకలు తీసి అధ్యయనం చేయడం న్యాయమైన వినియోగమేనని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2000లో తీర్పునిచ్చింది. అయితే ఎమ్యులేటర్ సక్రమమైనంత మాత్రాన, దానిలో వేసే గేమ్‌కు, బయోస్ ఫైలుకు ఆ సక్రమత అంటుకోదు.

మిత్రుల విషయానికొస్తే, మీరు మార్చిన ఈఎక్స్‌ఈ ఫైలును వారికి పంపడం, ఎక్కడైనా అప్‌లోడ్ చేయడం పంపిణీ అవుతుంది. అది తెలిసి చేసిన ఉల్లంఘనగా సెక్షన్ 63 కిందికి వస్తుంది, అక్కడ ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉంది. వారి సీడీ నుంచి, వారి కంప్యూటర్‌లోనే మీరు చేసిపెట్టడం వేరు. కానీ అక్కడ కూడా, రక్షణను తప్పించడానికి మరొకరికి సహకరించే వ్యక్తి, సాయం పొందినవారి పేరు, చిరునామా, గుర్తించడానికి అవసరమైన ఇతర వివరాలు, ఏ ప్రయోజనం కోసం సాయం చేశారన్నదీ పూర్తిగా నమోదు చేసి ఉంచాలని 65-ఎ(2) కోరుతోంది. స్నేహితుల మధ్య ఇది హాస్యాస్పదంగా అనిపించినా, ప్రతి ఒక్కరి సీడీని కళ్లారా చూసి, దాని ఫొటోతో సహా ఆ వివరాలు రాసుకున్నాకే వారి కంప్యూటర్ మీద చేయి వేయండి.