సోలార్ కంటే ముందు ఫ్యాన్ల సంగతి

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాష్టారిని, మాది తెనాలి. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి వాళ్లు 2025 నవంబరులో ఇంటికి హీట్ పంప్ (ఇంటిని వెచ్చగా, చల్లగా ఉంచే కరెంటు యంత్రం) పెట్టించుకున్నారు. దానివల్ల పన్నులో 2,000 డాలర్లు తగ్గుతాయట. మేమూ మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. నెలకు 260 యూనిట్ల దాకా కాలుతుంది. ఆ ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందా? మీటరు ఇంకా మా నాన్నగారి పేరు మీదే ఉంది.

జవాబు: రాదు మాష్టారూ. సొంతింటి సోలార్‌కు మన ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. మీ అమ్మాయి వాళ్లు సరిగ్గా చివరి బండి అందుకున్నారు. అమెరికాలో హీట్ పంప్ ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్లకు మించకుండా, పన్నులో తగ్గించేవారు. 2025 డిసెంబరు 31లోగా బిగింపు పూర్తయినవాటితో అది ఆగిపోయింది.

మన దగ్గర మేలు కొనేటప్పుడే కలుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో 8.9 శాతం కనిపిస్తే గొడవపడకండి. సామాను, బిగింపు కలిపి ఇచ్చినప్పుడు విలువలో 70 శాతం మీద 5, మిగతా 30 శాతం మీద 18 వేస్తారు. లెక్క మీరే వేసి చూసుకోండి.

ఇక ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున ఇస్తారు, మూడోదానికి 18,000 మాత్రమే. ఆపైన ఎన్ని పెట్టినా 78,000 దాటదు. అంటే ఆ మూడో కిలోవాటు భారం ఎక్కువగా మీ జేబు మీదే పడుతుంది. అది మీకు అవసరమా?

మీ ఇంట్లో పాతకాలం ఫ్యాన్లు నాలుగు ఉన్నాయనుకుందాం. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. ముందు ఫ్యాన్లు మార్చేస్తే, రోజుకు 12 గంటలు తిరిగే ఒక్కోదానికి నెలకు 16 యూనిట్లు మిగులుతాయి, నాలుగింటికి 65. మీ 260 కాస్తా 195 అవుతుంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే రెండు కిలోవాట్లు మీకు సరిపోతాయి.

విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు చేసిన నేనే ఈ వరుస తప్పాను. ముందు 3 కిలోవాట్లు పెట్టించి, ఏడాది తర్వాత ఫ్యాన్లు మార్చాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. పైగా మధ్యాహ్నం మూడు దాటితే పక్కింటి కొబ్బరిచెట్టు నీడ నా ప్యానెళ్ల మీదే. మీరు మేడెక్కి ఒకసారి సాయంత్రం దాకా నీడలు చూసుకోండి.

రాయితీకి దేశంలో తయారైన ప్యానెళ్లే ఉండాలి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. నెట్ మీటరు (మీరు వాడే కరెంటునూ, బయటికి పంపే కరెంటునూ లెక్కించేది) బిగించి, తనిఖీ అయ్యాకే డబ్బు పడుతుంది, అదీ మీటరు ఎవరి పేరున ఉంటే వారి బ్యాంకు ఖాతాలో. కాబట్టి దరఖాస్తుకు ముందే మీటరును మీ పేరుకు మార్పించండి.