నాన్న చెప్పులేసుకుని ఎటు పోయినాడు?

కట్టమంచి, చిత్తూరు

చిరంజీవి పాపకు ఆశీస్సులు.

నీ కథ అందింది. పన్నెండు పేజీలు. మొదటిరోజు మూడో పేజీలోనే కోపం వచ్చి పక్కన పడేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఎందుకో మళ్ళీ తీస్తే, ఏడో పేజీలో ఆ నాన్న కనిపించాడు. ఆయన లేకపోతే నీకీ ఉత్తరం వచ్చేది కాదు.

ముందు కోపం సంగతి చెప్తాను. "మిలాన్ క్లబ్బు నిర్ణయంపై అభిమానులు భగ్గుమన్నారు." ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్బు మిలాన్, గోల్స్ కొట్టే ఇబ్రహిమోవిచ్‌ను 38 ఏళ్ళ వయసులో మళ్ళీ తెచ్చుకుందన్న వార్త మీద ఇదీ నీ మొదటి వాక్యం. తర్వాత వరసగా నిప్పులు చెరిగారు, పెదవి విరిచారు, దుమ్మెత్తి పోశారు. "వయసు మీద పడ్డ స్ట్రైకర్" అని పదకొండుసార్లు రాశావు, పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. తిరుపతి కోర్లగుంటలో ఒక మిద్దె మీద గదిలో నలుగురు పిల్లకాయలు ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని వార్త చూస్తున్నారు. ఆ గదిలో భగ్గుమనడానికి ఏముంది పాపా, గ్యాస్ స్టవ్ తప్ప?

ఆ మాటలు ఎక్కడివో నాకు బాగా తెలుసు. తిరుపతిలో ఒక పత్రిక డెస్కులో పద్నాలుగేళ్ళు నైట్ డ్యూటీ చేసినవాణ్ణి. రాత్రి పదకొండుకు టెలీప్రింటర్‌లో వచ్చిన వార్తల కాగితం చించుకొచ్చి తెలుగు చేసేవాళ్ళం. ఒక్క అభిమాని ముఖం కూడా చూడకుండా "అభిమానుల ఆగ్రహం" అని హెడ్డింగ్ పెట్టేసి, కింద క్యాంటీన్‌లో ఉప్మా తినేవాళ్ళం. సింగిల్ కాలమ్‌లో పట్టాలి కాబట్టి ఆ మాటలు పుట్టాయి. నీకు పన్నెండు పేజీలు ఉన్నాయి కదా, నీకేం ఖర్మ?

1990 ఇటలీ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ అప్పుడు నేను ఆ డెస్కులోనే ఉన్నాను. ఆఫ్రికా దేశం కామెరూన్ తరఫున రోజర్ మిల్లా ఆడాడు. 38 ఏళ్ళు. ఆట దాదాపు మానేసి రీయూనియన్ దీవిలో ఉంటున్నవాణ్ణి వాళ్ళ దేశాధ్యక్షుడే అడిగి మళ్ళీ జట్టులోకి రప్పించాడు. కొలంబియా మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఎక్స్‌ట్రా టైమ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. రెండోదైతే, గోల్ వదిలి ముందుకొచ్చిన గోల్‌కీపర్ హిగ్విటా కాళ్ళ దగ్గరి బంతినే లాక్కుని కొట్టాడు. కొట్టి, మూలనున్న జెండా కర్ర దగ్గరికి పరిగెత్తి నడుం తిప్పుతూ డ్యాన్స్ చేశాడు. నేను ఆ డ్యాన్స్‌తోనే వార్త మొదలుపెట్టాను. మా ఇన్‌చార్జ్ ఎర్ర పెన్ను తీసి ఆ పేరా మొత్తం కొట్టేశాడు. "జెండా కర్ర కాడ డ్యాన్సు కూడా వార్తేనా?" అన్నాడు. హెడ్డింగ్ ఆయనే పెట్టాడు: "ముసలి సింహం గర్జన".

ముప్పై ఏళ్ళు దాటింది. ఆ హెడ్డింగ్ ఎవరికీ గుర్తులేదు. ఆ జెండా కర్ర మాత్రం ఆట చూసిన ప్రతివాడికీ గుర్తుంది. ఆ ఇన్‌చార్జ్ తర్వాత ఒక వారపత్రికలో కథలు చూసే పోస్టుకు పోయినాడు. అక్కడా నన్ను వదల్లేదు. నా కథలో "ఆడికి పోయినాడు" అని ఉంటే "అక్కడికి వెళ్ళాడు" అని దిద్ది అచ్చేశాడు. పలమనేరులో టమాటాలు అమ్ముకునేవాడు కృష్ణా జిల్లా మాస్టారిలా మాట్లాడాడు. ఆ సంచిక ఇప్పటికీ నేను ఎవరికీ చూపించను.

ఇక నీ కథ. నీ అభిమానులందరికీ ఒకే నోరు ఉంది, ఆ నోట్లో ఒకే కోపం ఉంది. అభిమానులు అనే మనిషి ఎక్కడా ఉండడు పాపా. నలుగురు ఉంటారు. ఒకడు అద్దె కట్టలేదు. ఇంకొకడు ఎరుపు నలుపు చారల చొక్కా వేసుకున్నాడు, దాని మీద అంకె సగం రాలిపోయింది (ఈ చొక్కా నీదే, మంచి చొక్కా, దాన్ని మధ్యలోనే మరిచిపోయావు). ఆ వారం ఏం జరిగిందో కూడా నువ్వు రాయలేదు. మా మనవణ్ణి కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. 2019 డిసెంబర్ 22న బెర్గామోలో అటలాంటా జట్టు చేతిలో మిలాన్ 5-0తో ఓడింది. ఐదు రోజులకు, 27న, ఇబ్రహిమోవిచ్ వస్తున్నాడని చెప్పారు. అంటే నీ పిల్లకాయలు ఐదు గోల్స్ తిన్న అవమానంలో ఉండి ఆ వార్త విన్నారు. ఆ మనిషేమో ఇదే క్లబ్బుకు 2011లో ఇటలీ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టి, 2012లో పారిస్ క్లబ్బుకు పోయినవాడు. వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయిన ఇంటికి, ఎప్పుడో వద్దని పోయిన సంబంధం మళ్ళీ కబురు పంపినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో సంతోషం ఉంటుంది, రోషం ఉంటుంది, "ఇప్పుడా వచ్చేది" అనే ఏడుపూ ఉంటుంది. కోపం ఒక్కటే ఎట్లా ఉంటుంది?

పైగా వచ్చిన మొదటి ఆటలోనే వాడితో గోల్ కొట్టించావు. చప్పట్లు, కన్నీళ్ళు, తిట్టిన నోళ్ళే పొగడటం. ఈ కొసమెరుపు జబ్బు మీ తరానికి కథల పోటీల వల్ల పట్టుకుంది. అసలు జరిగిందేమంటే, 2020 జనవరి 6న సాంప్డోరియాతో ఆట, సెకండ్ హాఫ్‌లో దింపారు, 0-0. అంతే. గోల్ కోసం ఐదు రోజులు ఆగాల్సి వచ్చింది, అదీ కాల్యారి ఊరికి పోయి. ఆ 0-0 అయ్యాక రాత్రి గదిలో ఆ నలుగురూ ఏం మాట్లాడుకున్నారో రాయి. నేను చదవాలనుకునేది అది.

అందరికీ టైటిల్స్ రావు కూడా. మన దగ్గర కొచ్చిలో 2017లో కేరళ బ్లాస్టర్స్ జట్టు బెర్బతోవ్ అనే స్ట్రైకర్‌ను తెచ్చుకుంది. 36 ఏళ్ళు, మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన పేరు. తొమ్మిది ఆటలు, ఒక గోల్. వాడి పేరు వీపు మీద వేయించుకున్న పసుపు చొక్కా ఎవరి ఇంట్లోనో దండెం మీద ఇంకా ఆరుతూనే ఉంటుంది.

వయసు అని పదకొండుసార్లు రాసిన దానివి మోకాలు అని ఒక్కసారి కూడా రాయలేదే! 2022లో మిలాన్ టైటిల్ గెలిచాక ఇబ్రహిమోవిచే చెప్పుకున్నాడు. ఆరు నెలలు ఎడమ మోకాలిలో ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్ లేకుండానే ఉన్నాడట, ఇరవైకి పైగా ఇంజెక్షన్లట, వారానికోసారి మోకాలిలో చేరిన నీళ్ళు తీయించుకున్నాడట. అప్పటికి వాడికి 40. ఆ నీళ్ళు ఎట్లా ఉంటాయో నీకు తెలియదు, నేను చెప్తాను. నాకు రెండుసార్లు తీశారు. డాక్టర్ "పైన ఫ్యాన్ చూడండి సార్" అంటాడు. నువ్వు ఫ్యాన్ చూడవు, సిరంజి చూస్తావు. ఎండుగడ్డి రంగులో, పలచటి ఆముదంలా జిగటగా ఎక్కుతుంది. లోపల ఏదో ఖాళీ అయినట్టు హాయిగా ఉంటుంది. బయటికొచ్చి ఆటో ఎక్కడానికి కాలెత్తితే తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. మోకాళ్ళ పర్వతం దగ్గర కమ్మీ పట్టుకుని పక్కవాటుగా, పీత మాదిరి ఎక్కుతుంటే, వెనక వచ్చే కుర్రాడు "తాతా, బస్సులో రాకూడదా" అన్నాడు. మంచికే అన్నాడు. వాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. నీ కథలో మూడో పేజీ కుర్రాడు "ఈ వయసులో వీడికి ఆటెందుకు, ఇంట్లో కూర్చోక" అన్నప్పుడు నేను కాగితాలు పడేసింది అందుకే. నువ్వు ఏమనుకున్నా సరే.

ఇక ఆ నాన్న. ఆర్టీసీ డ్రైవర్. కొడుకు వెనక నిలబడి ఫోన్‌లోకి తొంగి చూసి "వానికి ఎన్నేండ్లు?" అన్నాడు. "ముప్పై ఎనిమిది నాయనా" అన్నాడు కొడుకు. నాన్న ఏమీ అనలేదు. చెప్పులేసుకున్నాడు. బాగా రాశావు. నువ్వేమో వెంటనే మళ్ళీ దుమ్మెత్తి పోసేవాళ్ళ దగ్గరికి పరిగెత్తావు. చెప్పులేసుకుని ఆయన ఎటు పోయినాడమ్మా? 2019లోనే కదా ఆర్టీసీ వాళ్ళకు రిటైర్మెంట్ 58 నుంచి 60కి పెంచింది. ఇబ్రహిమోవిచ్ మిలాన్‌కు తిరిగొచ్చిన ఆ 2020 జనవరిలోనే వాళ్ళను ప్రభుత్వ ఉద్యోగులను చేసింది. నీ కథలో నాన్నకు 58 నిండబోతున్నాయని నువ్వే నాలుగో పేజీలో రాశావు. ఇంటికి పోవాల్సినవాడికి ఇంకో రెండేళ్ళు స్టీరింగ్ పట్టుకోమన్నారు. ఆయనకు అది సంతోషమా, బరువా? క్లచ్ తొక్కే ఎడమ మోకాలు ఏమంటోంది? కొడుకు స్నేహితులు ఫోన్‌లో ఎవరో స్వీడన్ వాణ్ణి ముసలోడు అంటుంటే ఆయన చెవికి ఎట్లా వినిపించింది? ఇంత పెట్టుకుని నువ్వు అభిమానుల గోల రాస్తూ కూర్చున్నావు.

కథను పోటీకి పంపాలా, పేరు మార్చాలా, ఆఫ్‌సైడ్ అనే ఆట రూల్ గురించి చదివేవాళ్ళకు వివరించాలా అని అడిగావు. పేరు ఉండనీ. మిగతావి తర్వాత చూద్దాం.

నీ పన్నెండు పేజీలూ తిరిగి పంపుతున్నాను. ఏడో పేజీ మాత్రం నా దగ్గరే పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఎనిమిదో పేజీ కొత్తగా రాయి. ఆయన చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగేదాకా చాలు. ఫోన్‌లో పంపకు, అక్షరాలు చిన్నవిగా కనిపిస్తాయి. చేత్తో రాసి, గీతలున్న కాగితం మీద, ఒక వైపే రాసి పంపు.