రన్ అంటే అన్నిసార్లూ పరుగు కాదు బ్రో

మేనేజర్ "రన్ ఇట్ బై మీ" అంటే స్క్రిప్ట్ రన్ చేసి పంపేశా, ఆయనేమో ముందు నాకు చెప్పాలి కదా అన్నాడు అని రాశారు కదా, అందులో మీ తప్పేం లేదు, ఆ మాటకి అర్థం "ఫైనల్ చేసేముందు నాకోసారి చూపించు" అని, అంతే. నేనూ మొదట్లో ఇలాగే బోల్తా పడ్డా.

ఒక చిట్కా చెప్తా, రన్ కనబడగానే పరుగు అనుకోకండి. ఇంగ్లీషు వాళ్ళు పరిగెత్తించే చోట మనం చాలాసార్లు నడిపిస్తాం, షాపు నడుపుతున్నాడు, బస్సులు నడుస్తున్నాయి, వీటన్నిటికీ అక్కడ రన్నే. ముక్కు కారినా రన్నే, సినిమా వంద రోజులు ఆడినా రన్నే. ఎలక్షన్ సంగతైతే ఇంకా తమాషా, అమెరికాలో రన్ అంటారు, బ్రిటన్‌లో మాత్రం మనలాగే "నిలబడ్డాడు" అన్నట్టు స్టాండ్ అంటారు.

పక్కన చిన్న మాట చేరిందంటే మొత్తం మారిపోద్ది. రన్ అవుట్ ఆఫ్ మిల్క్ అంటే పాలు అయిపోయాయని, రన్ ఇంటు అంటే అనుకోకుండా ఎదురుపడటం. అందుకే రన్ ఒక్కదాన్నే కాకుండా వెనకున్న ముక్కతో కలిపి డిక్షనరీలో వెతకండి. మేనేజర్ మెయిల్‌కి మాత్రం "సారీ సర్, ఇకపై ముందే చూపిస్తా" అని పెట్టేయండి.