టెక్ సందేహాలు: ప్లగ్గు ఉన్నది అక్కడ కొనండి, ఫిల్టర్ ఇక్కడి నుంచి పట్టుకెళ్ళండి

జులై, ఆగస్టు వచ్చాయంటే మన రాయలసీమ ఇళ్ళలో సూట్‌కేసులు తూకం వేయడం మొదలవుతుంది. ఈ వారం నాకు వచ్చిన ప్రశ్నల్లో మూడు కాఫీ సామాను గురించే. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నా. ఆ టెన్షన్ చాలా ఇళ్ళలో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్ చదవడానికి వచ్చే నెల డల్లాస్ వెళ్తోంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే దానికి తలనొప్పి. ఇంట్లో ఉన్న 750 వాట్ల మిక్సీ, 1500 వాట్ల కెటిల్ పంపిద్దామనుకుంటున్నా. 200 రూపాయల కన్వర్టర్ తగిలిస్తే అన్నీ పనిచేస్తాయని అంగడిలో చెప్పారు. నిజమేనా? (ఒక తల్లి, అనంతపురం)

నిజం కాదమ్మా. ఆ ధరకు మీకు ఇచ్చేది కన్వర్టర్ కాదు, అడాప్టర్. అది పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, అంతే. గోడలోంచి వచ్చే కరెంటును అది ఏమీ చేయదు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (అంటే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది). అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజి సగానికి పడితే కాయిల్ ఇచ్చే వేడి పావు వంతుకు పడిపోతుంది. కాబట్టి మీ 1500 వాట్ల కెటిల్ అక్కడ 400 వాట్లతో కాగుతుంది. లీటరు నీళ్ళు మరగడానికి పావుగంట దాటుతుంది. మిక్సీ సంగతి ఇంకా కష్టం. మోటారు మూలుగుతుందే గానీ జార్‌లో గింజ నలగదు.

ఇదే తిరగేస్తే ప్రమాదం. మూడేళ్ళ కిందట మా అన్న కొడుకు అమెరికా నుంచి వస్తూ నాకోసం చిన్న కాఫీ గ్రైండర్ తెచ్చాడు. బంధువులు వచ్చి కూర్చున్న సంబరంలో దాన్ని తిరగేసి కూడా చూడకుండా ప్లగ్గు పెట్టేశాం. బ్లేడు కీచుమని అరిచింది, పట్టుమని పది సెకన్లు తిరగలేదు, వైరు కాలిన వాసన హాలంతా నిండింది. ఆ తర్వాత చూస్తే అడుగున వేలిగోరంత లేబుల్ మీద 120 వోల్టులు అని స్పష్టంగా ఉంది. పిల్లవాడు స్కాలర్‌షిప్ డబ్బుల్లో మిగిల్చి కొన్న వస్తువు అది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నా, సర్దేముందు ప్రతి వస్తువునూ బోర్లించి లేబుల్ చదవండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశానికైనా పట్టుకెళ్ళవచ్చు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే, వాటికి అడాప్టర్ సరిపోతుంది. 220–240 మాత్రమే ఉంటే అమెరికా, కెనడాలకు వద్దు. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గానీ, 750 వాట్ల మిక్సీ మోటారుకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది కావాలి. లోపలంతా ఇనుము, రాగి. 23 కిలోల పెట్టెలో ఆ బరువు మోయించే బదులు కంది పొడి, ఊరగాయ పెట్టి పంపితే బిడ్డ సంతోషిస్తుంది. మిక్సీ తప్పనిసరి అనుకుంటే అక్కడి 110–120 వోల్టుల మీద నడిచే మన తరహా మిక్సీలు అక్కడే అమ్ముతారు.

ఇంతకీ మీ అమ్మాయికి కావలసింది కాఫీ. దానికి అసలు యంత్రం మన స్టీలు ఫిల్టరే. కరెంటు వద్దు, స్టవ్వు మీద పెట్టనక్కరలేదు, పాడవడానికి అందులో ఏమీ లేదు. అనంతపురంలో ఏ స్టీలు సామాన్ల అంగడికి వెళ్ళినా దొరుకుతుంది. కానీ చూసి కొనండి. పై గిన్నెను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిల్లులు సూది మొనంత సన్నగా, అన్నీ ఒకే తీరుగా కనబడాలి. పెద్ద చిల్లులైతే మడ్డి కిందికి దిగుతుంది. పై గిన్నె కింది గిన్నెలో వదులుగా ఆడకుండా కూర్చోవాలి. పొడిని ఒత్తే బిళ్ళ కాడ గట్టిగా అతికి ఉండాలి. ఇత్తడిది అందంగా ఉంటుంది, కానీ కళాయి అరిగితే డల్లాస్‌లో పూయించేదెక్కడ? స్టీలుదే పంపండి. ఖాళీగా పెట్టకండి, లోపల పొడి పొట్లం కుక్కితే చోటు కలిసొస్తుంది.

ఆమెకు ఈ లెక్క రాసివ్వండి. మూడు పెద్ద చెంచాల పొడి, అంటే దాదాపు 20 గ్రాములు, పైన 100 మిల్లీలీటర్ల నీళ్ళు. పొడిని బిళ్ళతో తేలిగ్గా అదమాలి, గట్టిగా నొక్కకూడదు. నీళ్ళు మరిగాక అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత పోసి, అది ఉబ్బాక మిగతావి పోయాలి. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పొద్దుటికి నల్లగా, చిక్కగా దిగి ఉంటుంది. రెండు నిమిషాల్లో బొళబొళ కారిపోతే పొడి మొరటుగా ఉన్నట్టు. గంటలు గడిచినా చుక్క పడకపోతే మరీ మెత్తగా ఉన్నట్టు, లేదా ఎక్కువ అదిమినట్టు. వేళ్ళ మధ్య రుద్దితే కొంచెం గరుకు తెలియాలి, అదీ సరైన పాకం.

అమెరికా సూపర్ మార్కెట్లో దొరికే మామూలు డ్రిప్ పొడి మన ఫిల్టర్‌కు పనికిరానిది అందుకే, అది మొరటు. మొదటి రెండు నెలలకు పొడి ఇక్కడి నుంచే పంపండి. వేయించిన కాఫీని అమెరికా రానిస్తుంది, కానీ తెచ్చినట్టు కస్టమ్స్ వాళ్ళకు చెప్పాలి. చేతి సంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి ఏదైనా ఉంటే విమానాశ్రయంలో విప్పించి చూస్తారు, ఒక్కోసారి వదిలేయమంటారు కూడా. చెక్-ఇన్ పెట్టెలో పెడితే ఆ బాధ లేదు. ప్యాకెట్టు మీద చికోరీ (కాఫీలో కలిపే, వేయించిన వేరు పొడి) శాతం రాసి ఉంటుంది, చదివి కొనండి. కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని మన నిబంధన, కాబట్టి సగం దాకా చికోరీయే ఉన్న పొడి కూడా కాఫీ అంగళ్ళలో ఉంటుంది. 80కి 20 పాళ్ళు నా దృష్టిలో ఉత్తమం. చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుని, ఒక్కోటి బయటికి తీసి వాడుకోమనండి. తీసినదాన్ని మళ్ళీ లోపల పెట్టకూడదు, తేమ పడుతుంది. పొడి అయిపోతే న్యూ ఓర్లియన్స్ తరహా చికోరీ కాఫీ డబ్బాలు ఉండనే ఉన్నాయి. చికోరీ కలిపి తాగడం ఆ ఊరివాళ్ళకు పాత అలవాటు.

అక్కడికి వెళ్ళాక కొనవలసినవి రెండే. ఒకటి, నీళ్ళు మరగ్గానే దానంతట అదే ఆగే కెటిల్. చాలా హాస్టళ్ళలో కాయిల్ స్టవ్వులు ఒప్పుకోరు, ఇలాంటి కెటిల్‌ను మాత్రం చాలాచోట్ల ఒప్పుకుంటారు. ముందుగా హాస్టల్ నియమాలు చూసుకోమనండి. రెండోది, ఆమెకు గింజలు కొనుక్కునే ఆసక్తి కలిగినప్పుడు, చేత్తో తిప్పే బర్ గ్రైండర్. బ్లేడు గ్రైండర్ గింజను నరుకుతుంది, ఒక ముక్క పెద్దది, ఒక ముక్క దుమ్ము. బర్ గ్రైండర్ మన తిరగలి లాంటిది, రెండు పళ్ళ చక్రాల మధ్య సందు ఎంత పెడితే అంత సైజులో నలుగుతుంది. డబ్బు పెట్టదలిస్తే దీని మీద పెట్టాలి, మెషీన్ మీద కాదు. దీనికీ ప్లగ్గు ఉండదు కాబట్టి ఎక్కడ కొన్నా ఎక్కడైనా పనిచేస్తుంది.

ఒక్క మాట మిగిలింది, పాలు. మన బర్రె పాలలో వెన్న 6 శాతానికి పైనే. అక్కడి హోల్ మిల్క్‌లో 3.25 శాతం దగ్గర ఉంటుంది. డికాషన్ ఎంత బాగా దిగినా కాఫీ పల్చగా అనిపించేది అందుకే. పాలను సన్న మంట మీద కాసేపు మరగనివ్వాలి, లేదా హాఫ్ అండ్ హాఫ్ అనే పాలు, మీగడ కలిపిన డబ్బా కొని రెండు చెంచాలు కలుపుకోవాలి. ఫోన్లో "అమ్మా, కాఫీ కుదరడం లేదు" అంటే ముందు ఇది అడగండి.

ప్రశ్న: కువైట్‌లో ఆరుగురం ఒకే రూములో ఉంటాం. ఇంటికి వచ్చినప్పుడు ఫిల్టర్ తీసుకుపోవాలా, ఇక్కడే మోకా పాట్ కొనాలా? (కడప పాఠకుడు)

తమ్ముడూ, మీకు వోల్టేజి బాధ లేదు. కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మన వస్తువులన్నీ నడుస్తాయి. అక్కడి సాకెట్టులో మూడు చదరపు పిన్నుల ప్లగ్గే పడుతుంది గనక ఫ్యూజు ఉన్న మంచి అడాప్టర్ కొనండి, కెటిల్‌కు నాసిరకం అడాప్టర్ పెడితే కాలిపోతుంది.

ఆరుగురికి మోకా పాట్ వద్దంటాను. అది ఇటలీలో 1933లో పుట్టిన మంచి పరికరమే. కింద నీళ్ళు కాగి, ఆవిరి ఒత్తిడికి పొడి గుండా పైకి వస్తాయి. కానీ మన చికోరీ కలిపిన సన్నటి పొడిని అందులో ఒత్తి నింపితే దారి మూసుకుని లోపల ఒత్తిడి పెరుగుతుంది. పైగా ఎక్కువభాగం అల్యూమినియంవి, ఇండక్షన్ స్టవ్వు మీద వేడెక్కవు. డ్యూటీకి ఒక్కొక్కరు ఒక్కో వేళకు లేచే రూములో పెద్ద ఫిల్టర్ హాయి. రాత్రి ఒకరు వేస్తే డికాషన్ ఫ్రిజ్‌లో ఉంటుంది, ఎవరు లేచినా పాలు కాచుకుంటే చాలు. కడపలోనే పెద్ద సైజుది కొనుక్కోండి. ఒక రోజు దాటి మాత్రం మిగల్చకండి, వాసన పోయి చేదు మిగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి సంక్రాంతికి అమెరికా నుంచి ఎస్‌ప్రెసో మెషీన్ తెస్తానంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు)

వద్దు సార్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. ఇళ్ళలో వాడే చాలా మెషీన్లలో నీటిని నెట్టే పంపు కరెంటు హెర్ట్జ్‌ను బట్టే కొట్టుకుంటుంది. 60కి తయారైనది 50 మీద మందగిస్తుంది. చెడితే ఇక్కడ వారంటీ దొరకడం కూడా కష్టమే. బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉన్న బంధువులు తెస్తే అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ గనక నడుస్తుంది, పిన్ను మార్చుకుంటే సరి.

డబ్బా మీద ఒత్తిడి 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాల్లో ఉంటే దానికి పడిపోకండి. ఎస్‌ప్రెసోకు పొడి దగ్గర కావలసింది 9 బార్ ఒత్తిడి. మీరు బోరు నీళ్ళు వాడేటట్టయితే ఏ మెషీన్‌లోనూ అవి పోయకండి. గిన్నెలకు పట్టే తెల్లటి పొరే లోపలి సన్న గొట్టాలకూ పడుతుంది. ఫిల్టర్ చేసిన నీళ్ళు పోస్తూ, రెండు నెలలకోసారి నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్ళు నడిపించి, తర్వాత మంచినీళ్ళతో రెండు సార్లు కడగండి.